మస్తానన్న కళ్లు మూసుకున్న పాట

పెన్న నీళ్లు చేతిలోకి తీసుకుని ప్రమాణం చేద్దామని ఏటికి పోయాను. నీళ్లు లేవు. గుప్పెడు ఇసుక పట్టుకునే చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నిండు పెళ్లిపందిట్లో, ఒక్క వేలితో, బంగారంలాంటి గాయకుణ్ణి నేను ఎలా ముంచానో వినండి.

తొంభైల్లో హిందూపురంలో జాజ్ పియానో వాయించగలవాడు ఒక్కడే ఉండేవాడు. నేనే. పియానో లేదు, కీబోర్డే. అయితేనేం, బెంగళూరులో కొన్న జాజ్ క్యాసెట్టు టేపు నలిగేదాకా విన్న చెవులివి! మా ఆర్కెస్ట్రా గాయకుడు మస్తానన్న. పగలు టైలరు, సాయంత్రం గంధర్వుడు. పదేళ్లుగా ఆయన పాటకు నేనే వాయించేవాణ్ణి. మా మధ్య మాటలు అక్కర్లేదు. నా వాయింపు నచ్చితే ఆయన కళ్లు మూసుకునేవాడు, అంతే.

ధర్మవరంలో చీరల వ్యాపారి ఇంట పెళ్లి. క్యాసెట్లు తీసే బెంగళూరు పెద్దమనిషి వస్తున్నాడనీ, గొంతు నచ్చితే తన క్యాసెట్టులో పాడిస్తాడనీ కబురు. గొంతు అరిగిపోతుందని పెనుకొండ దాటేదాకా వ్యానులో మస్తానన్న నోరే తెరవలేదు. దాటాక అన్నాడు:

"సూరీ, ఈ పొద్దు నీ తిక్క వేషాలు వద్దప్పా. దీనికోసరం ఎన్నేండ్లు కాసుకోనుండానో నీకు తెలుసు."

"అన్నా, నిన్ను యాడికో తీస్కపోతా సూడు!"

తీసుకుపోయాను.

కీబోర్డులో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వేళ్లు ఉన్నచోటే ఉంటాయి, శ్రుతి మాత్రం మెట్టెక్కుతుంది. జాజ్‌వాళ్లు పాట మధ్యలో శ్రుతి మారుస్తారని క్యాసెట్టు అట్ట మీద చదివి ఉన్నాను. మొదటి చరణం కాగానే నొక్కాను. మస్తానన్న తడబడకుండా ఎక్కేశాడు. పైగా కళ్లు మూసుకున్నాడు! ఇంకేం, మళ్లీ నొక్కాను. ఇంకా గట్టిగా మూసుకున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. పరవశం అనుకున్నాను.

"యాడికప్పా పోతాండావు?" చరణాల మధ్య సందులో మైకు మూసి గొణిగాడు.

"జాజన్నా, జాజ్!"

"దిగప్పా, నీకు దండం పెడతా!"

"నువ్వే గదన్నా కళ్లు మూసుకున్నావు, బాగుండాదని!"

"బాగుండి కాదు నాయనా, సస్తాండా!"

దిగుదామనే నొక్కాను. కంగారులో మళ్లీ పైకెక్కే బటనే తగిలింది. పాట సగంలో ఆపడం మస్తానన్న ఎరుగడు. నేను ఎక్కడికి పోతే అక్కడికి రావడమే ఆయన ఎరుగును. వచ్చాడు. ఆఖరి చరణంలో ఆయన గొంతు తారాజువ్వలా లేచేసరికి, రైలు కూత అనుకుని మగపెళ్లివాళ్లు సంచులు సర్దుకున్నారు.

పాట ముగియగానే బెంగళూరాయన గబగబా స్టేజీ ఎక్కాడు. మస్తానన్న చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి అటూ ఇటూ వెతికి అడిగాడు:

"ఆఖరి చరణం పాడిండే ఆయమ్మ యాడప్పా? ఆ గొంతే కావల్ల నాకు!"

మస్తానన్న నా వంక చూశాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు.

మర్నాడు ఆయనే నా కీబోర్డుకు కొత్త గలీబు కుట్టి తెచ్చాడు, ఆ బటన్ మీదికి వచ్చేచోట గట్టిగా రెండు మందాల గుడ్డ వేసి. దాని మీద చెయ్యి పెట్టి శపథం చేశాను: ప్రాణం పోతున్నా సరే, పాట మధ్యలో ఆ బటన్ ముట్టను. ఇప్పటికీ ఆయన పాడితే నేనే వాయిస్తాను.

ఇసుక ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి చెప్పేస్తున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. హిందూపురంలో జాజ్ వాయించగలవాడు ఒకడు ఉండేవాడన్నాను చూడండి, అది.