లెక్క తేలందే తలుపు తియ్యని వల్దివీనో

అనాపొలిస్ ఊళ్ళో వల్దివీనో అనే సార్జెంటు ఒక చెంచా కోసం బిషప్పుగారిని మూడు రోజులు తన ఇంట్లో ఖైదు చేశాడు.

ఉన్నమాట చెప్పాలంటే, బిషప్పుగారు కాదు, పేట చర్చి ఫాదర్ లోరివాల్. మూడు రోజులు కూడా కాదు, మూడు గంటలు. ఖైదు అనడం కూడా కొంచెం అన్యాయమే. వీధి తలుపుకు తాళం వేసి తాళంచెవి నిక్కరు జేబులో వేసుకున్నాడు, అంతే. చెంచా మాత్రం అక్షరాలా నిజం.

ఆదివారం భోజనం. పెకీ అనే అడవికాయలు వేసి వండిన కోడి అన్నం. అందరూ తిని త్రేన్చి లేవబోతుంటే వల్దివీనో లేచి చెంచాలు లెక్కపెట్టాడు. పన్నెండుకు పదకొండు తేలాయి.

"ఫాదర్, కాస్త కూర్చోండి. ఒకటి తక్కువైంది."

"నాయనా, సాయంత్రం పూజకు వేళవుతోంది."

"దేవుడు ఆగుతాడు ఫాదర్. చెంచా ఆగదు, ఎటో దొర్లిపోతుంది."

మంచాల కింద చూశారు, కోళ్ళ గూట్లో చూశారు. వల్దివీనో భార్య అదాల్జీజా సిగ్గుతో వంటింట్లోంచి బయటికి రాలేదు. మూడో గంటలో, చెమట తుడుచుకుందామని ఫాదర్ తన నిలువుటంగీ జేబులో చెయ్యి పెడితే రుమాలుతో పాటు చెంచా వచ్చింది.

వల్దివీనో తల గోక్కుని, "అయ్యో, అది నేనే పెట్టాను ఫాదర్. మీ జేబు నా జేబనుకున్నాను" అన్నాడు.

నిక్కరు వేసుకున్నవాడు నిలువుటంగీ జేబును తన జేబని ఎలా అనుకున్నాడో ఎవరూ అడగలేదు. అందరికీ ఇళ్ళకు పోయే తొందర.

ఈ జబ్బు అతనికి వైమానిక స్థావరంలో అంటింది. ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడ యుద్ధ విమానాల్లోని కరెంటు పెట్టెలు, తెరలు, మీటర్ల ముళ్ళు బాగుచేశాడు. అక్కడ చట్టం ఒకటే. పని అయ్యాక పనిముట్లు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా విమానం ఎగరదు, గేటు తెరుచుకోదు, ఎవరూ ఇంటికి పోరు. మరిచిపోయిన స్క్రూడ్రైవర్ ఆకాశంలో దొర్లి పైలట్ కాళ్ళ దగ్గర ఇరుక్కుంటే ఆ పైలట్ కిందికి దిగే పద్ధతి వేరుగా ఉంటుంది. అందుకని వల్దివీనో ఇంటి వంటగది గోడ మీద కూడా ప్రతి గరిటెకూ దాని ఆకారం గీసి ఉండేది. పెకీ గింజలో ముళ్ళుంటాయి గనక ఎవరి పళ్ళెంలో ఎన్ని గింజలు మిగిలాయో కూడా లెక్కే. ఆ ఇంట్లో భోజనానికి పిలుపు వస్తే బంధువులు మర్నాటికి సెలవు పెట్టుకుని వెళ్ళేవారు.

అన్నీ లెక్కపెట్టే మనిషికి పదవీ విరమణ అయ్యాక ఒక్కటి లెక్కకు రాలేదు. బయటి లోకంలో తనకు ఉద్యోగం ఉందో లేదో తెలియలేదు. వయసు నలభై ఎనిమిది. పౌర విమానాల వాళ్ళు, యుద్ధ విమానాల అనుభవం ఇక్కడ చెల్లదు, మొదటి పరీక్ష నుంచి మళ్ళీ రాసుకో అన్నారు. రొట్టెల పొయ్యిలు చేసే కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది.

"ఇన్నాళ్ళూ ఏం బాగుచేశారు?"

"పెట్టెలు."

"ఏం పెట్టెలు?"

"విమానంలో ఉండేవి."

"అవి ఏం చేస్తాయి?"

"చెప్పకూడదు."

"పోనీ, చెడిపోతే ఏమవుతుంది?"

"అది అసలే చెప్పకూడదు."

రొట్టెల పొయ్యి చెడిపోతే ఏమవుతుందో చెప్పగలవాణ్ణి వాళ్ళు తీసుకున్నారు. వల్దివీనో ఇంటికొచ్చి చెంచాలు లెక్కపెట్టాడు. మర్నాడు పెరట్లో కోళ్ళను లెక్కపెట్టాడు. ఆ వారంలో ఇంటి కప్పు పెంకులు లెక్కపెట్టడానికి నిచ్చెన వేస్తుంటే అదాల్జీజా తన తమ్ముడు జిల్దాజియోకు కబురు పెట్టింది.

"ఒరే, మీ బావకు భయం పట్టుకుందిరా. భయం పెరిగినకొద్దీ లెక్క పెరుగుతోంది. ఏదో ఒక పని చూడు, లేకపోతే ఈయన నా తలవెంట్రుకల దాకా వస్తాడు."

జిల్దాజియో ఆ ఊరి ఆసుపత్రిలో పదేళ్ళుగా యంత్రాలు బాగుచేస్తున్నాడు. అతను మెత్తటి మనిషి. ఫోను మోగితే ముందు చెమటలు పట్టి ఆ తర్వాత హలో అనే రకం. పైగా నిరుడు ఒక మీటరు ఎక్కడో మరిచిపోయి హెచ్చరిక కాగితం కూడా అందుకున్నాడు. అలాంటివాడు అక్క మాట తీసెయ్యలేక, ఆసుపత్రి పెద్ద అయిన సర్జను అరిస్తేవుగారి ముందు నిలబడి, మా బావకు నేను పూచీ అన్నాడు.

"మూడు నెలలు చూస్తాను. నచ్చకపోతే నీ పూచీ సంగతీ చూస్తాను" అన్నాడు డాక్టరు.

ఆ రోజు నుంచి జిల్దాజియోకు అన్నం సయించలేదు. మొదటి వారమే వల్దివీనో పనిముట్లకు రంగు పట్టీలు వేశాడు. తనవి పసుపు, బావమరిదివి నీలం. మోకాలి నొప్పుల విభాగంలో స్పానరు కనబడలేదని పదకొండుమంది ముసలివాళ్ళను గోడకు నిలబెట్టి దుప్పట్లు దులిపించాడు. ఫిర్యాదులు వచ్చాయి. వచ్చినప్పుడల్లా జిల్దాజియో గుండె జారి చెప్పుల్లో పడేది.

"బావా, ఇక్కడ విమానాలు లేవు."

"మనుషులున్నారు కదరా."

"మనుషులు ఎగరరు బావా."

"అదే నా భయం" అనేవాడు వల్దివీనో.

ఎనభై తొమ్మిది రోజులు అలా బిక్కుబిక్కుమంటూ గడిచాయి. తొంభయ్యో రోజు సోమవారం. ఆపరేషన్ గదిలో బల్లకు సరిగ్గా పైన వేలాడే పెద్ద దీపం మినుకుమంటోందని పొద్దున్నే పిలిచారు. బావా బావమరిదీ కలిసి గంటలో బాగుచేశారు. పిత్తాశయంలో రాళ్ళున్న ఒక ముసలామె స్ట్రెచర్ మీద బయట వేచి ఉంది. వల్దివీనో ఇద్దరి పనిముట్లూ ఒకే గుడ్డ మీద పరిచాడు. ఇరవై మూడు ఉండాలి. ఇరవై రెండున్నాయి. గుడ్డ వంక ఒక్క క్షణం చూసి చటుక్కున చుట్టేశాడు.

"ఒకటి తగ్గింది. చిన్న స్క్రూడ్రైవర్."

"ఎవరిది బావా?" అన్నాడు జిల్దాజియో.

"నాది."

"హమ్మయ్య" అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు. "బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇవాళ్టితో మూడు నెలలూ అయిపోతాయి. సాయంత్రం నీ కాగితం మీద సంతకం. ఈ ఒక్కరోజుకూ ఊరుకో, రేపు వెతుకుదాం."

"స్క్రూడ్రైవర్‌కు తేదీలు తెలియవురా" అని వల్దివీనో ఆపరేషన్ గది తలుపుకు ఎర్ర గుడ్డ కట్టేశాడు.

డాక్టరు అరిస్తేవు కడుక్కున్న చేతులు పైకెత్తుకుని వచ్చి ఎర్ర గుడ్డ ముందు ఆగాడు.

"ఏమిటిది?"

"స్క్రూడ్రైవర్ కనబడలేదండి. దొరికేదాకా లోపలికి ఎవరూ వెళ్ళకూడదు."

"ఎవరి ఆసుపత్రయ్యా ఇది?"

"మీదేనండి. స్క్రూడ్రైవర్ నాది."

జిల్దాజియో గోడకు ఆనుకుని, తన ఇద్దరు పిల్లల మొహాలు, ఇంటద్దె, హెచ్చరిక కాగితం వరసగా కళ్ళముందు తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. అంతలో నర్సు జుల్మీరా ముందుకొచ్చింది. ఆపరేషన్ గదిలో ముప్పై ఏళ్ళ సర్వీసు ఆమెది, డాక్టరుకే డాక్టరు.

"డాక్టరుగారూ, నా పళ్ళెంలో ఒక కత్తెర తగ్గితే మీరు పొట్ట కుడతారా?"

"నువ్వు కుట్టనిస్తావా?"

"మరి ఈయన్ను తిడతారేం?"

డాక్టరు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి తలుపు ముందు నుంచి పక్కకు జరిగాడు.

నలభై నిమిషాలు వెతికారు. చివరికి వల్దివీనో నిచ్చెనెక్కి దీపం గిన్నె పైభాగమంతా అరచేత్తో తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగింది. పిడికిలి బిగిసింది. "దొరికింది" అని దిగాడు. డాక్టరు దీపం వంక చూశాడు, సరిగ్గా దాని కింద ఉన్న బల్ల వంక చూశాడు. జిల్దాజియో మాత్రం బావ పిడికిలి వంక చూశాడు. చిటికెన వేలి కింద నుంచి నీలం పట్టీ కనబడింది.

వల్దివీనో తన పుస్తకంలో రాశాడు: 'చిన్న స్క్రూడ్రైవర్, ఒకటి. దీపం మీద మరిచిపోయినవాడు వల్దివీనో.'

ముసలామె ఆపరేషన్ సజావుగా జరిగింది, మెలకువ రాగానే కాఫీ అడిగింది. మధ్యాహ్నం డాక్టరు బావాబావమరుదుల్నీ, జుల్మీరానూ తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద వైమానిక స్థావరం పంపిన నడవడిక పత్రం ఉంది.

"సార్జెంటుగారూ, మీరు లెక్కల మనిషని ఊరంతా చెబుతారు. ఇక్కడేమో ఇరవై ఎనిమిదేళ్ళలో పదిహేడు పనిముట్లు పోగొట్టారని ఉంది. మొత్తం స్థావరంలో ఇన్ని పోగొట్టినవాడు ఇంకొకడు లేడట. అందుకే పైమెట్టు కూడా ఎక్కనివ్వలేదట. ఇవాళ్టిది పద్దెనిమిది. ఇలాంటి మనిషిని ఎలా ఉంచుకోమంటారు?"

"మతిమరుపండి" అన్నాడు వల్దివీనో, తల వంచుకుని.

డాక్టరు ఆ కాగితం పూచీదారు ముందుకు తోశాడు. జిల్దాజియో నోరు మూసుకుంటే బావ ఉద్యోగం పోతుంది. తెరిస్తే తనది పోతుంది. ఏ వైపూ తేల్చుకోలేక, పిరికివాళ్ళందరూ చేసే పనే చేశాడు, కాగితం చదవడం మొదలుపెట్టాడు. పదకొండో వరస దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

"డాక్టరుగారూ, ఈ తేదీ... ఈ రోజున ఈయన విమానం దగ్గర లేడండి."

"మరెక్కడున్నాడు?"

"చర్చిలో. మా అక్కను పెళ్ళి చేసుకుంటున్నాడు. ఉంగరాలు నా చేతిలోనే ఉన్నాయి, వాటినీ రెండుసార్లు లెక్కపెట్టాడు."

జిల్దాజియోకు హఠాత్తుగా ఫాదర్ జేబులో చెంచా గుర్తొచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పెళ్ళినుంచి తిరిగొచ్చాక ఏ కుర్రాడి ఉద్యోగమో పోతుందని సంతకం పెట్టి ఉంటాడండి. మిగతా పదహారూ అంతే అయి ఉంటాయి. పద్దెనిమిదోది నాది. పట్టీ నీలం."

"పసుపు" అన్నాడు వల్దివీనో.

"నీలమే, నేనూ చూశాను" అంది జుల్మీరా. "డాక్టరుగారూ, ముప్పై ఏళ్ళుగా లెక్క తప్పినప్పుడల్లా దొరికిందా లేదా అనే అడిగాను. ఎవరిదని మీకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే మర్నాడు ఎవరూ నిజం ఒప్పుకోరు. వాటిలో మీవీ ఉన్నాయి."

"ఎన్ని?"

"చెప్పకూడదు" అంది జుల్మీరా.

డాక్టరు కలం మూత తీసి వల్దివీనో ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టాడు. జిల్దాజియో వైపు తిరిగి, "నీకు శిక్ష ఏమిటంటే, మీ పనిముట్ల ఆకారాలన్నీ గీసిన పలక ఒకటి చేసి ఆపరేషన్ గది బయట తగిలించు. నీలం రంగుతో" అన్నాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆ సాయంత్రం జిల్దాజియో రెండు పళ్ళేల అన్నం తిన్నాడు.

ఆదివారం వల్దివీనో ఇంట్లో మళ్ళీ పెకీ కోడి అన్నం. ఫాదర్ లోరివాల్ కూడా వచ్చాడు, జేబులు లేని చొక్కా వేసుకుని. జిల్దాజియో ఈ కథంతా మొదటినుంచి చెప్పాడు. వల్దివీనో విన్నంతసేపూ చెంచాలు తుడుస్తూనే ఉన్నాడు.

"అంతా కట్టుకథ" అన్నాడు చివరికి. "పదిహేడూ నేనే పోగొట్టాను. స్క్రూడ్రైవర్ పట్టీ పసుపు. ఈ ఫాదర్ మా ఇంటికి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు."

ఫాదర్ కోడి ముక్క నములుతూ అవునన్నట్టు తలూపాడు.

అదాల్జీజా గరిటె నడుముకు ఆనించి నిలబడింది. "మరి మన పెళ్ళి సంగతేమిటయ్యా? ఆ రోజు నువ్వు చర్చిలో లేవూ?"

వల్దివీనో పన్నెండో చెంచా బల్ల మీద పెట్టాడు.

"ఆ పెళ్ళికి నేను రానేలేదు" అన్నాడు.