సాక్ష్యానికి నీలి పరదా

అన్యాయం జరిగింది మా తమ్ముడు సోమయ్యకు, తెలంగాణ కోసం రైళ్లు ఆపిన దినాలల్ల. దాన్ని ఇంకింత పెద్దగ చేసింది నేను. ఎట్లనో వినుండ్రి.

కేసముద్రం స్టేషన్ల రాళ్లు పడ్డయని కేసు. పాత ధర్నాల లిస్టు చూసి మావోన్ని పట్టుకపోయిండ్రు. ఆ పొద్దు వాడు లింగాల ఘనపూర్ల, రోడ్డు మీద వంటావార్పుల గంటె తిప్పుతున్నడు. ఫొటో తీసింది నేనే, అప్పుడే ఫేస్‌బుక్‌ల పెట్టింది నేనే. వెనుక దీక్షా శిబిరం, ఎన్నో రోజో సుద్దతో రాసిన బోర్డు. కింద ఊరోళ్ల కామెంట్లు. వాని భార్య రజితకు నెలలు నిండినయి. కాన్పు లోపల వాన్ని బెయిల్ మీద తేవాలె.

వకీలు ఫొటో పట్టుకొని రమ్మన్నడు. పుస్తకాలు చదివినదాన్ని, ఇంకొకళ్లను అడుగుతనా? కోర్టుకు పోయే ఫొటో మర్యాదగ ఉండాలె అనుకున్న. జనగామల స్టూడియో ఖాదర్ భాయ్‌కిచ్చి వెనుక మందిని తీసెయ్యమన్న. బోర్డు ఉంటే ఇంకో కేసు పెడతరని అదీ తీసెయ్యమన్న. ఆయన అసలు ఫొటో మిగలకుండ దాని మీదనే గంటె కూడా తీసి, నీలి పరదా వేసి, మొకం తెల్లగ చేసి, లామినేషన్ కొట్టిచ్చిండు. పక్క నెట్ సెంటర్ల కూసొని ఆ పోస్టు పీకేసిన, ఫోన్ల ఫొటో కూడా. పోలీసోళ్లను తిట్టిన తిట్లు అండ్లనే ఉండె మరి.

మహబూబాబాద్ కోర్టు కాడ వకీలు ఫొటోను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"అక్కా, వీనికి పిల్లను చూస్తున్నరా?"

వాడు ఘనపూర్ల ఉన్నట్టు సాక్ష్యమన్న. ఎక్కడ దిగింది, ఎప్పుడు పెట్టింది, ఎవరెవరు చూసింది, అదీ సాక్ష్యం, మొకం కాదన్నడు. పోస్టు తెరువుమన్నడు.

"తీసేసిన."

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. తిట్టినా బాగుండు.

బెయిల్ రాలే. రజితకు ఆడపిల్ల పుట్టింది. జైలుకు ములాఖత్‌కు పోతే, బిడ్డ ఎట్లున్నదని ఇనుప జాలీ అవతలి నుంచి సోమయ్య అడిగిండు. నీ లెక్కనే ఉన్నదన్న. వకీలు అంతా చెప్పినట్టున్నడు.

"గీ నా లెక్కనా, స్టూడియోల నా లెక్కనా?" అని నవ్విండు. నాకు నవ్వు రాలే.

ఇరవై ఒకటో నాడు పిల్లకు పేరు పెట్టినం, వాడు లేకుండనే.

తలుపు మూసింది పోలీసోళ్లు, గొళ్లెం పెట్టింది నేను. విడుదల కాగితం మీద రాసిన లెక్క: నలభై మూడు రోజులు.