చల్లారిన ప్లేటు

మొన్న మా మేనకోడలు ఫోన్‌లో తన ల్యాబ్ ఫోటోలు చూపిస్తూ, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీయకుండానే కణాల విద్యుత్ నిరోధాన్ని యంత్రమే కొలిచి, పక్కనే వేడి ఎంతుందో కూడా రాసిపెడుతుందని మురిసిపోతుంటే, నాకు మా పాత ల్యాబ్ గుర్తొచ్చింది.

ఇంచుమించు ఇరవై ఏళ్ల కింద నేను రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో సూర్యాపేట వెళ్లి ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ప్లేటులో కణాలు పలచటి పొరగా పెరిగాక, పుల్లల్లాంటి రెండు తీగలు ముంచి, కరెంటుకు ఆ పొర ఎంత అడ్డుపడుతుందో కొలిచేవాళ్లం. అడ్డు ఎక్కువుంటే పొర ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క.

రోజూ పదింటికల్లా కరెంటు పోయేది. కోత వేళ ఇంక్యుబేటర్ తలుపు తీస్తే లోపలి వేడి పోతుందని, నేను కాస్త ముందే ప్లేటు తీసి బల్ల మీద పెట్టి, టిఫిన్ డబ్బా ఖాళీ చేసుకుని, తీరిగ్గా బ్యాటరీ మీటరుతో కొలిచేదాన్ని. నెలల తరబడి నా అంకెలు ఒకేలా వచ్చేవి, దానికి నాకెంత గర్వమో చెప్పలేను.

అప్పుడే కోదాడ నుంచి ఒక అమ్మాయి పరిశోధనకు చేరింది. ప్లేటు తీసిన వెంటనే కొలిచేది, ప్రతిసారీ నాకంటే తక్కువే వచ్చేది. కణాలను పాడు చేస్తోందని మా గైడు అందరి ముందూ విసుక్కునేవారు. “అక్కా, ఒక్కసారి నా పక్కన నిలబడి చూడండి” అని ఆమె బతిమాలితే, “ముందు నీ చెయ్యి కుదరనియ్, అప్పుడు చూద్దాం తియ్” అన్నాను. ఎంత పొగరు నాకు! ఆ ఎండాకాలమే ఆమె చదువు వదిలేసి వెళ్లిపోయింది.

రెండేళ్లకు కోత మధ్యాహ్నానికి మారింది. ఇగ ముందే ప్లేటు తీయాల్సిన పని లేక వెచ్చగా ఉండగానే కొలిస్తే, అచ్చం ఆమె అంకెలే వచ్చాయి. చల్లారితే అడ్డు పెరుగుతుందని పుస్తకంలో చదివినదాన్నే, బల్ల దగ్గరికొచ్చేసరికి మరిచాను.

కోదాడ వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. అప్పటికి ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటోంది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. “అయితే నా కణాలు బాగానే ఉన్నాయా అక్కా?” అని మాత్రం అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పటివాళ్లు అంకెలు కలవకపోతే ముందు యంత్రాన్ని అనుమానిస్తున్నారు, మంచిదే. మేం మనిషిని అనుమానించేవాళ్లం. రెండేళ్లపాటు తన చేతుల్లోనే లోపముందనుకుని బతికిన ఆ పిల్ల కూడా, తన అంకెలకంటే నా అంకెలనే ఎక్కువగా నమ్మింది.