ఆరుగురు ఆశావహులు, ఒక జీపు

మండలాలు కొత్తగా ఏర్పడిన రోజులు. మా మండలాధ్యక్ష పదవికి పార్టీ ఇచ్చే టికెట్టు ఒకటి, అడిగేవాళ్లు ఆరుగురు. అందులో ఒకడు నా బామ్మర్ది.

సారపాక దగ్గర మా ఊళ్లో కిరాయి జీపు నాదొక్కటే. అందుకని టీ హోటల్లో నాకు ఎన్నడూ లేని గౌరవం పుట్టుకొచ్చింది. పొద్దున నా జీపు ఎవరి గుమ్మం ముందు ఆగితే సాయంత్రానికి టికెట్టు వాళ్లదే అనేవారు. నేనేమో ఎవరిదంటున్నారో అక్కడే విని, ఆ గుమ్మానికే జీపు తిప్పేవాణ్ణి. ఊరు నన్ను చూసి, నేను ఊరిని చూసి లెక్కలు కట్టుకున్నాం. అట్లా ఆ ఆరుగురిలో వెదురు కాంట్రాక్టరు ముందుకొచ్చాడు. బామ్మర్ది అందరికన్నా వెనకబడ్డాడు.

ఖమ్మం నుంచి పార్టీ పరిశీలకుడు దిగే రోజు రానే వచ్చింది. వాగు అవతలి గూడేలు చూసి, ఒక పేరు పైకి పంపుతాడట. నేను బయల్దేరుతుంటే నా భార్య బానెట్ మీద చెయ్యేసి నిలబడింది.

"సారు నిన్ను అడుగుతడు. డ్రైవర్లనే అడుగుతరట. మా తమ్ముని పేరు చెప్పు. గూడేలల్లనే తిరుగుతుండు పిచ్చోడు."

"అడిగితే చెప్త."

"అడగకున్నా చెప్పు."

పరిశీలకుణ్ణి ఇంకొకరికి ఒంటరిగా వదిలే ధైర్యం ఎవరికీ లేక ఆరుగురూ అదే జీపెక్కారు. కాంట్రాక్టరు ముందు సీట్లో పరిశీలకుడికీ నాకూ మధ్య ఇరుక్కున్నాడు. గేరు మార్చినప్పుడల్లా కాంట్రాక్టరు మోకాలు పార్టీ మారినంత సులువుగా అటు జరిగేది.

వాగు మధ్యలో చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. అక్కడ బండి దిగబడితే డ్రైవరు తప్ప అందరూ దిగి నెట్టడం రివాజు. ఆ రోజు ఒక్కరూ కదల్లేదు. దిగితే పరిశీలకుడి చెవికి దూరమైపోతారు మరి. నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తున్నాయి.

"దిగుండ్రి, ఇంజన్ల నీళ్లు పోతయ్!" అన్నాను.

"మీరు ముందు దిగండి," అన్నాడొకాయన పక్కాయనతో.

"అయ్యో, పెద్దోరు మీరుండంగనా!"

బామ్మర్ది దూకాడు. గంజి పంచె ఎగ్గట్టి, వెనక భుజం ఆనించి, "రేజ్ ఇయ్యి బావా!" అని అరిచాడు.

పరిశీలకుడు సరిగ్గా అప్పుడే అడిగాడు. "ఏమయ్యా, వీళ్లలో ఎవరు ముందున్నారు?"

కాంట్రాక్టరు మోకాలు కదలడం మానేసింది. నా బండికి ఏడాది పొడుగునా పని ఇచ్చేది ఆయనే. అయినా చెప్పేశాను.

"ముందున్నోళ్లంతా ఈడనే కూసున్నరు సార్. బండి మాత్రం వెనకున్నోనితోని కదులుతది. నా బామ్మర్ది."

పరిశీలకుడు నవ్వాడు. కాంట్రాక్టరు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఇంతలో అవతలి ఒడ్డు నుంచి "అన్నా, ఆగు!" అంటూ గూడెం మనుషులు నీళ్లలోకి పరిగెత్తుకొచ్చారు. బామ్మర్ది పక్కన భుజాలు కలిపారు. జీపు ఒక్క ఊపుతో ఒడ్డెక్కింది.

ఆ వారంలోనే కబురొచ్చింది. టికెట్టు కాంట్రాక్టరుకు.

బామ్మర్ది మా వాకిట్లో కూర్చున్నాడు. ముందున్న చాయ్ చల్లారిపోయింది. అక్క పోసిన రెండో చాయ్ కూడా ముట్టలేదు. అప్పుడే మెడలో దండ తియ్యకుండానే కాంట్రాక్టరు వచ్చాడు.

"తమ్మీ, రేపటి సంది గూడేలు తిరగాలె. జీపు కావాలె."

నేను నోరు తెరిచేలోపు నా భార్య గడప దాటి వచ్చింది.

"జీపు ఉన్నదన్నా. నెట్టెటోళ్లనే మీరు తెచ్చుకోవాలె."