భామ్రాగడ్ పాషా కత్తెర

కత్తెర ముట్టుకుంటే మా మాస్టరు చెయ్యి మీద స్కేలుతో కొట్టేవాడు. సిరోంచ దుకాణంలో పని నేర్చుకున్న నాలుగేళ్లలో హుక్కులు కుట్టాను, కాజాలు కుట్టాను, హెమ్మింగ్ చేశాను. ఆ తర్వాత మిషను మీద కూర్చుని జాకెట్టు మొత్తం కుట్టాను. కటింగ్ మాత్రం ఎప్పుడూ ఆయనదే. గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, మాకు కనపడకుండా వీపు అడ్డం పెట్టి మరీ కత్తిరించేవాడు.

"కుట్టుడేముంది, ఎవలైనా కుడ్తరు. కత్తెర పట్టెటోడే మాస్టరు" అనేవాడు.

అట్లాంటి మనిషి ఇంకో రెండు ఊళ్లలో ఒక్కో మిషను పెట్టాడు. పెర్మిలికి దుకాణంలో నాకంటే ముందు నుంచి పనిచేస్తున్న ఒక అక్కను పంపాడు, భామ్రాగడ్‌కు నన్ను. రెండు చోట్లా బోర్డు మీద ఆయన పేరే. మా పనేమిటంటే, ఆడవాళ్లు గుడ్డతో పాటు కొలతకు తెచ్చిచ్చే పాత జాకెట్టును, అంటే ఆదిని, తీసుకుని రెండూ మూట కట్టి శనివారం బస్సు కండక్టరు చేతికివ్వాలి. మూట సిరోంచ పోతుంది. మాస్టరు కత్తిరించి తిరిగి పంపుతాడు. మేం కుట్టాలి. అట్లా ఒక్క జాకెట్టు కోసం ఆ గుడ్డ మధ్యలో ఉన్న అడవంతా దాటిపోయి మళ్లీ అడవంతా దాటి రావాలి. కుట్టడం అయ్యాక కూడా ఆది మాత్రం మా దుకాణం అలమరలోనే ఉండిపోయేది. ఎవరి ఆది ఎక్కడుంటే వాళ్లు మళ్లీ అక్కడికే వస్తారు కదా.

భామ్రాగడ్‌లో నా పక్క గదిలో ఒక మేడం ఉండేది. మా సిరోంచ వైపు తెలుగమ్మాయే. అక్కడి బడిలో పాఠాలు చెబుతూ ప్రైవేటుగా ఎమ్మే హిస్టరీకి కడుతోంది. సాయంత్రం ఆమె కళ్లు మూసుకుని అక్కడి చదువు భాష మరాఠీలో పాఠం అప్పజెబుతుంటే నేను నోట్సు ఒళ్లో పెట్టుకుని తప్పులు పట్టేదాన్ని. నేను చదివింది పదో తరగతే అయినా తప్పు పట్టడంలో మాత్రం ఎవరికీ తీసిపోను.

అల్బేనియా పేరు అట్లా విన్నాను. రెండు వందల ఏళ్ల కిందటి మాట, ఇస్తాంబుల్‌లో సుల్తాను ఉంటాడు. అంత పెద్ద రాజ్యంలో అన్నిచోట్లకూ తను పోలేడు కాబట్టి, కొండల్లో ఉన్న అల్బేనియాకు అక్కడివాళ్లనే పాషాలుగా, అంటే తన తరఫు పాలకులుగా, పెట్టాడు. దక్షిణాన ఒక ముసలి పాషా, ఉత్తరాన ఇంకో పాషా. సుల్తాను పేరు మీద పన్ను వసూలు చేయాలి, పిలిస్తే సైన్యంతో రావాలి. వీళ్లేం చేశారంటే, పన్నులో ఎంత పంపాలో తామే తేల్చుకున్నారు. సైన్యాన్ని తమదే చేసుకున్నారు. దక్షిణాది పాషా అయితే ఫ్రెంచివాళ్లతో, ఇంగ్లీషువాళ్లతో కూడా తనే మాట్లాడుకున్నాడు. పైకి మాత్రం సుల్తానుకు దండాలు.

"మంచిగ చేసిండు" అన్నాను నేను.

"ఏం మంచిగ? ఊర్లకు ఊర్లు తగలబెట్టిచ్చిండట. వాడేమన్న దేవుడా?" అంది మేడం.

"తగలబెట్టింది నేను మెచ్చుకుంటలేను మేడం. ఎదురు నిలబడ్డది మెచ్చుకుంటున్న."

"ఇగ నువ్వే పరీక్ష రాయి" అని నవ్వింది.

ఆ ఏడు వానలు మొదలయ్యాయి. వంతెన మీద నుంచి నీళ్లు పోవడం భామ్రాగడ్‌లో ఎవరికీ వింత కాదు, కానీ ఆసారి పన్నెండు రోజులు బస్సు రాలేదు. జెండా పండుగకు బడి పిల్లలతో డాన్సు చేయిస్తున్నారు. ఎనిమిది మంది ఆడపిల్లలకు జాకెట్లు కావాలి. గుడ్డలు నా దగ్గర, మాస్టరు నీళ్లకు అవతల.

మేడం గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. "ఏం పాషా, నది దాటి సుల్తానొస్తడా?" అంది.

బజారుకు పోయి కత్తెర కొనుక్కొచ్చాను. నల్ల పిడి, బరువుగా ఉంది. నాలుగేళ్లు ఆయన వీపు వెనక నిలబడి ఊరికే లేను నేను, భుజం మీదుగా కనపడినంత చూశాను. చంక దగ్గర ఎంత గుండ్రం తీయాలో, ఛాతీ దగ్గర మడిచి కుట్టే డాట్లు ఎక్కడ పెట్టాలో నా కళ్లకు తెలుసు, చేతులకే తెలియదు. పిల్లల జాకెట్లు ఎనిమిదీ కుదిరాయి. ఆ ధైర్యంతో అడవి పల్లె నుంచి వచ్చిన ఒక గోండు పెద్దమ్మ జాకెట్టు పట్టాను, అక్కడ దెబ్బతిన్నాను. గుడ్డ తిప్పకుండా కత్తిరించేసరికి ముందు భాగాలు రెండూ ఎడమ పక్కవే వచ్చాయి. మిగిలిన గుడ్డ చాలదు. ఏడుపొచ్చింది. చివరికి కుడి పక్కకు నా దగ్గరున్న పసుపు గుడ్డ వేసి కుట్టాను. సగం ఎరుపు, సగం పసుపు.

పెద్దమ్మకు ఉన్నదున్నట్టు చెప్పి తల వంచుకున్నాను. ఆమె వేసుకుని, చెయ్యి పైకెత్తి చూసుకుని, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో, "పట్టింది గద బిడ్డా. మీ మాస్టరుది చంకల కొరికేది" అంది.

ఆ మాట విన్నాక నీళ్లు దిగిపోయినా, బస్సులు తిరిగినా, నేను మూటలు కట్టడం మానేశాను. మాస్టరు ఫోన్ చేస్తే, "పని తక్కువున్నది అన్నా, వానలు గద" అనేదాన్ని. పైకి దండాలు.

పట్టించింది ఆ పసుపు గుడ్డే. పెద్దమ్మ అదే జాకెట్టుతో పెర్మిలి వారపు అంగడికి పోయింది. అక్కడి అక్క చూసింది. మా మాస్టరు ప్రాణం పోయినా అట్లా కత్తిరించడని ఆమెకు తెలుసు. వెంటనే ఫోన్ కొట్టింది, నాకు కాదు, సిరోంచకు.

అక్కను తిట్టడానికి నాకు నోరు లేదు. రెండేళ్ల కింద ఆమె ఒక లంగా తానే కత్తిరించుకుని కుట్టిందని మాస్టరుకు చెప్పింది నేనే. మంచి పేరొస్తుందని చెప్పాను. ఆయన ఆమెను దుకాణంలో అందరి ముందు నిలబెట్టి మాట్లాడాడు. ఇప్పుడు నా వంతొచ్చింది.

మాస్టరు ఫోన్లో అరవలేదు. "సోమారం వస్తున్న. ఆదులన్ని మూట గట్టి పెట్టు. నీ మిషను మీద పెర్మిలి అక్క కూసుంటది. కొన్ని దినాలు రెండూర్లు ఆమెనే సూసుకుంటది" అన్నాడు.

ఆ సాయంత్రం మేడం అప్పజెప్పింది కూడా పాషా చివరి రోజులే. సుల్తాను ముసలి పాషా మీదకు సైన్యం పంపాడు. ఆ సైన్యంతో పాటు ఉత్తరాది పాషా కూడా వచ్చాడు. తన దేశం వాడి మీదకే, సుల్తాను తరఫున. ముసలాయన్ని సరస్సు మధ్య లంకలో చంపి తల ఇస్తాంబుల్ పంపారు. పదేళ్లు తిరక్కుండానే సుల్తాను ఉత్తరం వైపు తిరిగాడు. ఈ పాషా కోట కూడా పోయింది. అప్పుడు తోడు రావడానికి ఎవరూ మిగల్లేదు.

నోట్సు మూసేసి అక్కకు ఫోన్ చేశాను. ముందు లంగా సంగతి చెప్పుకున్నాను.

"నాకెరికే" అంది. "నువ్వు గాక ఇంకెవలు చెప్తరు?"

"తప్పయింది అక్కా."

"ఇప్పుడు యాదికొచ్చిందా తప్పు? మిషను పోతుందని తెలిసినంక?"

 దానికి బదులుగా పాషాల కథ మొత్తం చెప్పాను. మధ్యలో ఆమె, "ఏంది పిల్లా, గా సాయిబులతోని మనకేం పని? అన్నం పొయ్యి మీదున్నది" అంది. అయినా ఫోన్ పెట్టలేదు.

"రెండో ఆయన కోట ఎప్పుడు పోయిందన్నవ్?" అని అడిగింది చివర్లో.

"పదేండ్లల్ల."

"మనకైతే పది నెలలు గూడ పట్టది" అని ఫోన్ పెట్టేసింది. నావైపు వచ్చిందో లేదో నాకు అర్థం కాలేదు.

ఒకటి మాత్రం నా చేతిలో ఉంది. మిషను మాస్టరుది, బోర్డు మాస్టరుది, కానీ ఆది వేసుకునే మనిషిది. శని, ఆదివారాలు ఊరంతా తిరిగాను, పల్లెలకు కబురు పంపాను. వచ్చి ఎవరి ఆది వాళ్లు తీసుకుపొమ్మని చెప్పాను. ఆదివారం చీకటి పడేలోపు అలమర ఖాళీ అయింది.

సోమవారం బస్సు దిగి ఇద్దరూ వచ్చారు. మాస్టరు నేరుగా అలమర తెరిచాడు.

"ఆదులేవి?"

"ఎవరియి వాళ్లకిచ్చిన."

"ఎవరినడిగి ఇచ్చినవ్?"

"తొడుక్కునేటోళ్లను అడిగి ఇచ్చిన అన్నా."

స్కేలు లేదు ఆయన చేతిలో. ఉన్నా నేను చెయ్యి చాచేదాన్ని కాదు. నా కత్తెర బల్ల మీదే పెట్టి ఉంది. కావాలనే పెట్టాను. దాన్ని చూశాడు, ముట్టుకోలేదు.

"కూసో" అన్నాడు అక్కతో, మిషను చూపించి.

అక్క కూర్చోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా అడిగింది. "కూసుంట మాస్టరు. కటింగ్ నాకిస్తవా?"

"నీకు గూడ గాలి సోకిందా?"

"పద్నాలుగేండ్లాయె నీ కాడ. ఇస్తవా, ఇయ్యవా?"

ఆయన మళ్లీ మిషనునే చూపించాడు. అక్క సంచి తీసుకుని బస్టాండు వైపు నడిచింది. 

మాస్టరు ఆటో పిలిచి మిషను ఎక్కించాడు, బోర్డు విప్పించాడు. నేను ఆపలేదు. ఆయనవి ఆయన తీసుకుపోవాల్సిందే. ఖాళీ గదిలో చాప పరిచి కూర్చున్నాను. భయం వేసింది, లేదని అబద్ధం చెప్పను.

మర్నాడు పొద్దున్నే ఆ గోండు పెద్దమ్మ కొత్త గుడ్డతో, సగం ఎరుపు సగం పసుపు జాకెట్టు ఆదిగా పట్టుకుని వచ్చింది.

"మిషను లేదు పెద్దమ్మా" అన్నాను.

"కత్తెర ఉన్నదిగా" అని గుడ్డ నా ఒళ్లో పెట్టింది.

దాన్ని చేత్తోనే కుట్టాను, రెండు రోజులు పట్టింది. పాత మిషను దొరికేదాకా నెలన్నర అట్లాగే చేత్తోనే కుట్టాను. బోర్డు ఇంకా పెట్టలేదు. ఊరికి తెలుసు, బోర్డు దేనికి?

శనివారం బస్సులో ఇప్పుడు నాకే ఒక మూట వస్తుంది, పెర్మిలి నుంచి. కత్తిరించిన గుడ్డలే ఉంటాయి అందులో, మాస్టరును వదిలేసిన అక్క సొంతంగా కత్తిరించి, నన్ను చూడమని పంపేవి. తప్పుంటే సుద్దతో గీసి తిరిగి పంపుతాను. మొన్న ఒక జాకెట్టుకు ముందు భాగాలు రెండూ ఎడమవే వచ్చాయి. ఫోన్ చేశాను.

"అక్కా, పసుపు గుడ్డ ఉన్నదా నీ కాడ?"

"నోర్ముయ్" అంది. నవ్వుతోందని గొంతులోనే తెలిసిపోయింది.