అక్క ముఖానికి ఎంత వెలుతురు

అశోక్‌నగర్‌లోని మా లేడీస్ హాస్టల్‌కు కెమెరా రావడానికి కారణం మా అన్న వైరాగ్యం. పెళ్లి ఫొటోలు తీసి పైకొస్తానని దాన్ని కొన్నాడు. చుట్టాల పెళ్లిళ్లు ఒకటి రెండు తీశాడు. ఆ ఇళ్లవాళ్లు మాతో మాటలు తగ్గించాక, "చదువుకున్నదానివి గద, నువ్వే నేర్చుకో" అని సంచీతో సహా నాకు అప్పగించి చేతులు దులుపుకున్నాడు. రెండు వేల పన్నెండు ప్రాంతం అది. నేను ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. అంటే, చదువుతున్నానని ఇంట్లో చెప్తున్నాను.

అశోక్‌నగర్‌లో ఉండేవాళ్లం ఏది నేర్చుకున్నా ఒకే పద్ధతిలో నేర్చుకుంటాం. బిట్లుగా విరుచుకుని. రాజ్యాంగమైనా రాష్ట్రకూటులైనా మా నోటికి ముక్కలుగానే అందాలి. కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని కూడా చిక్కడపల్లి లైబ్రరీకి మోసుకెళ్లి, కిందగీతలు గీసి, బిట్లు తయారు చేసుకున్నాను. "అపర్చర్ సంఖ్య పెరిగిన కొద్దీ లోపలికి వచ్చే వెలుతురు: పెరుగును, తగ్గును, మారదు, చెప్పలేము." నా రూమ్‌లో ఉండే అక్క ప్రశ్న చదివేది, నేను కళ్లు మూసుకుని "తగ్గును" అనేదాన్ని. జవాబు ఒక్కటీ తప్పేది కాదు. ఫొటో ఒక్కటీ కుదిరేది కాదు. నేను వెలగబెట్టిన ఫొటోలన్నీ చీకటిగానే ఉండేవి.

నిజానికి ఆ విద్యలో పెద్ద రహస్యం లేదు. పొద్దున్నే మా హాస్టల్ నల్లా దగ్గర నిలబడ్డవాళ్లెవరికైనా అర్థమవుతుంది. ఫొటో అంటే బకెట్. అది నిండాలి, పొర్లకూడదు. నల్లా ఎంత తిప్పామన్నది అపర్చర్, ఎంతసేపు తిప్పి ఉంచామన్నది షట్టర్. సన్నగా తిప్పితే ఎక్కువసేపు ఆగాలి. ఈలోగా ఎవరో ఒకరు బకెట్ జరుపుతారు, బొమ్మ అలుక్కుపోతుంది. బార్లా తిప్పితే చిటికెలో నిండుతుంది, కానీ ముందున్న మనిషే స్పష్టంగా వచ్చి వెనకున్నవాళ్లు మసకబారిపోతారు. హాస్టల్ క్యూలో న్యాయం కూడా అదే కదా. ఇక మూడోది ఐఎస్ఓ. అది మా మెస్సులో పప్పు లాంటిది. భోజనానికి మనుషులు ఎక్కువైతే హాస్టల్ నడిపే ఆంటీ పప్పు పెంచదు, ఉన్నదాన్నే సాగదీస్తుంది. ఐఎస్ఓ కూడా కొత్త వెలుతురు తేదు, ఉన్నదాన్నే సర్దుతుంది. మరీ సాగదీస్తే తేడా తెలిసిపోతుంది, ఫొటో మీద రవ్వ చల్లినట్టు గరుకుగా ఉంటుంది.

ఇదంతా నాకు నోటికి వచ్చు. చేతికే రాదు. అక్కకు అవసరం పడేదాకా దానివల్ల ఎవరికీ నష్టం కూడా లేకపోయింది.

అక్కది నల్గొండ వైపు పల్లె. నాకంటే చాలా ముందు నుంచీ హాస్టల్లోనే ఉంటూ, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ అందరికీ అక్క అయింది. మనిషి మంచి నలుపు. కిందటి పరీక్షకు ఆమె స్టూడియోలో దిగిన ఫొటో పెట్టింది. మా వైపు స్టూడియోల్లో అదొక మర్యాద. ఎవరు దిగినా అడక్కుండానే ముఖం తెలుపు చేసి ఇస్తారు. అది కొసరు కింద లెక్క. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ హాల్‌టికెట్ చూశాడు, అక్కను చూశాడు, మళ్లీ హాల్‌టికెట్ చూశాడు. "ఇది నువ్వేనా?" అన్నాడు. హాలంతా వెనక్కి తిరిగింది. ఇంకో గుర్తింపు కార్డు చూపించమన్నాడు, దాని మీద ఉన్నదీ స్టూడియో తెలుపే. పెద్దసారును పిలిపించాడు. చివరికి రాయనిచ్చారు. ఫొటోలో ఉన్న తెల్లముఖం చాలదన్నట్టు పేపర్ ముందు కూడా తెల్లముఖం వేసింది. నిద్రలో లేపి అడిగినా చెప్పే బిట్లు తప్పు పెట్టి వచ్చింది. ఉద్యోగం కొద్దిలో పోయింది.

మళ్లీ నోటిఫికేషన్ పడ్డప్పుడు, దరఖాస్తుకు ఇక గడువు దగ్గర పడుతుండగా, అక్క నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఫొటో నువ్వే తియ్యాలె. ఈసారి నా మొఖం నా లెక్కనే ఉండాలె. మళ్ల ఆ మాట అడిగితే నేను పేపర్ రాయలేను."

"నేనా అక్కా? నా ఫొటోలు చూసినవు గద."

"చూసిన. నీకు తెల్లగ చేసుడు రాదు. గందుకే నిన్ను అడుగుతున్న."

నా ప్రతిభకు దొరికిన మొదటి గుర్తింపు అది.

ఫొటో వెనక తెలుపు ఉండాలన్నది నిబంధన. ఆదివారం డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో, బట్టలారేసే తీగ మీద ఆంటీ తెల్లదుప్పటి కట్టాం. చూడ్డానికి హాస్టల్ సగం పైకి వచ్చింది. ఒకరు దువ్వెన తెచ్చారు, ఇంకొకరు పౌడర్ డబ్బా తెచ్చారు. ఆంటీ స్వయంగా దుప్పటికి కాపలాకు వచ్చింది.

"కొత్త దుప్పటే అది. మట్టి అంటితే నువ్వే పిండాలె," అంది నాతో.

కెమెరా కన్నంలోంచి చూస్తే లోపల చిన్న స్కేలు కనిపిస్తుంది. మధ్యలో సున్నా. గుర్తు సున్నా మీదికి వస్తే వెలుతురు సరిపోయినట్టు అని పుస్తకంలో ఉంది. బిట్లు చదివినదాన్ని కదా, నాకు సున్నా అంటే కీలో ఇచ్చిన జవాబు. ఇక దానికి తిరుగు లేదు. అపర్చర్ పెట్టాను, షట్టర్ తిప్పాను, గుర్తును సరిగ్గా సున్నా మీద కూర్చోబెట్టి నొక్కాను.

కెమెరా వెనక తెరలో దుప్పటి బూడిదరంగుకు దిగింది. అక్క ముఖం మాడిపోయింది. పళ్లు మాత్రం బాగా వచ్చాయి.

"ఏందే ఇది, కరెంట్ పోయిందా?" అంది ఆంటీ తొంగి చూసి.

"కీ ప్రకారం కరెక్టే ఆంటీ."

"కీలనే తప్పుంటది ఒక్కోసారి. అబ్జెక్షన్ పెట్టు," అంది పౌడర్ డబ్బా పట్టుకున్న అమ్మాయి.

పౌరుషం వచ్చి షట్టర్‌ను ఎడాపెడా తిప్పాను. ఈసారి బకెట్ పొర్లింది. దుప్పటి ఎక్కడ అయిపోయిందో, అక్క చెంప ఎక్కడ మొదలైందో తెలియలేదు. ముఖం వెలవెలబోయింది.

అక్క తెర చూసి, "నారాయణగూడల షటర్ కిరాయికి తీసుకో. స్టూడియో పెట్టుకుందువు," అంది.

అలా మాడుస్తూ, వెలవెలబోయిస్తూ చాలాసేపు గడిపాను. ప్రతిసారీ స్కేలు నన్ను సున్నా దగ్గరికే పిలుస్తోంది, సున్నా దగ్గరికి పోతే అక్క చీకట్లోకి పోతోంది. అక్కకు ఓపిక పోయింది.

"జర దగ్గరికొచ్చి సూడు తల్లీ. అంత దూరంకెళ్లి నా మొఖం నీకే కనిపిస్తలేదు, ఇగ దానికేం కనిపిస్తది?"

కోపంగానే దగ్గరికి పోయాను. కన్నం నిండా అక్క ముఖమే. దుప్పటి ఒక్క పోగు కూడా లేదు. చూస్తుండగానే స్కేలు మీద గుర్తు సున్నా వదిలి ఒక పక్కకు పరుగెత్తింది. వెలుతురు చాలదు, ఇంకా కావాలి అంటోంది. వెనక్కి పోతే మళ్లీ సున్నా. దగ్గరికి వస్తే మళ్లీ పరుగు.

అప్పుడు వెలిగింది నాకు. ఇంతసేపూ కెమెరా కొలిచింది అక్కను కాదు, ఆంటీ దుప్పటిని. అంత తెలుపు చూసి, అబ్బో చాలా వెలుతురుందని నల్లా కట్టేస్తోంది. మధ్యలో ఉన్న మనిషి మాడిపోతోంది. నేనేమో మనిషిని చూడ్డం మానేసి స్కేలు చూస్తున్నాను. దగ్గర నిలబడి ముఖానికి సరిపడా సంఖ్యలు పెట్టుకుని, వాటిని ఇక ముట్టుకోకుండా వెనక్కి నడిచి నొక్కాను. గుర్తు ఎక్కడికో ఎగిరిపోయింది, పోనిమ్మన్నాను.

ఫొటో వచ్చింది. దుప్పటి తెల్లగా ఉంది. అక్క కళ్లు, ముక్కు, కనుబొమ్మ మీది చిన్న మచ్చ, అన్నీ ఉన్నాయి. డాబా మీద అందరూ మీద పడి చూశారు. నేను కెమెరాను కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాను, సగం గర్వంతోనూ మిగతా సగం ఎవరైనా కింద పడేస్తారన్న భయంతోనూ.

"మస్తున్నవ్ అక్కా. ఇది సంబంధాలకు గూడ పనికొస్తది."

అక్క తెరను దగ్గరికి లాక్కుని చూసింది. ఆమెకూ నచ్చింది, అది దాగలేదు. తర్వాత తన చేతిని తెర పక్కన పెట్టి చూసుకుంది.

"కొంచెం తెల్లగున్న."

నేను మళ్లీ ఆలోచించాను. కెమెరాకు ఏది చూపించినా దాన్ని మధ్యరకానికి తేవడమే తెలుసు. తెల్ల దుప్పటిని చూపిస్తే మసి చేస్తుంది, నల్ల ముఖాన్ని చూపిస్తే తెల్లగా తేల్చేస్తుంది.

"అది అందరినీ చామనచాయకు తెస్తది అక్కా. దానికి గంతే తెలుసు. ఇదే పెట్టరాదు, మంచిగుంది."

"నేను చామనచాయ కాదు గద. నల్లగుంట."

"నల్లకుంట ఆడ్నే ఉంది, ఆటో ఎక్కితే పోతం," అన్నారెవరో. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే, "తగ్గియ్," అంది.

షట్టర్ చక్రాన్ని ఒక్కొక్క క్లిక్కూ తిప్పుతూ, ప్రతిసారీ తీసి చూపించాను. అక్క ప్రతిసారీ తన చేతిని పక్కన పెట్టుకుని పోల్చింది. ఒకచోట చేయీ ముఖమూ ఒకరివే అయ్యాయి. "ఆగు," అంది.

దరఖాస్తు పంపడానికి సాయంత్రం ఇద్దరం వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాం. సెంటర్ అన్న ఫొటో తెరిచి, కత్తిరించి, సైజు తగ్గించి, అలవాటు కొద్దీ మౌస్‌ను వెలుతురు పెంచే గుర్తు మీదికి తీసుకెళ్లాడు.

"జర బ్రైట్ కొడుతున్న అక్కా. గిట్లయితే డల్లున్నది."

అక్క లేచి అతని చెయ్యి పక్కన చెయ్యి పెట్టింది, ముట్టుకోకుండా.

"వద్దన్నా. గట్లనే పంపు."

"ఫ్రీగనే చేస్త."

"ఫ్రీగ ఇస్తే ఒకసారి తీసుకున్న. మస్తు పిరమైంది."

అతను నావైపు చూశాడు. ఫొటో తీసింది నేనని తెలిస్తే ఏమనుకుంటాడోనని నేను బయట బస్సుల వైపు చూశాను. ఫొటో అలాగే వెళ్లింది.

పరీక్షకు ఆమెకు పడ్డ సెంటర్ నారాయణగూడలో ఒక కాలేజీ. నాది దగ్గర్లోనే ఇంకొకటి. నా పేపర్ ఎలా పోయిందో ఇక్కడ అప్రస్తుతం, పోయిందన్నది మాత్రం ఖాయం. అది ముగించుకుని ఆమె గేటు దగ్గరికి పరుగున వచ్చి నిలబడ్డాను. పొద్దుటి నుంచీ నాకు ఒకటే భయం. ఆ ముఖానికి ఇప్పుడు జవాబుదారీ నేను. జనం తోసుకుంటూ బయటికి వస్తున్నారు. అందరి వెనకా మెల్లగా అక్క వచ్చింది, హాల్‌టికెట్‌ను మడవకుండా చేతిలోనే పట్టుకుని.

"ఎట్లయింది అక్కా?"

"అడగలే."

"పేపర్ ఎట్లుందని అడుగుతున్న."

"అదే చెప్తున్న గద. సారు ఒకసారి ఫొటో చూసిండు, ఒకసారి నన్ను చూసిండు, సంతకం పెట్టి ముందటికి పోయిండు. ఏం అడగలే."