బోరు గొట్టంలా బిగించిన టెలిస్కోపు

పదవీ విరమణకు ముందు సంవత్సరం, మిరప కోతలు జోరుగా సాగుతున్న ఫిబ్రవరిలో, నన్ను ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే దారిలోని ఒక ప్రభుత్వ మహిళా కళాశాలకు కండెమ్నేషన్ కమిటీ సాంకేతిక సభ్యురాలిగా పంపారు. అప్పటికి నేను గుంటూరులో ప్రయోగశాల పరికరాలు మరమ్మతు చేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. ఆడమనిషి ఫోర్‌మన్ ఏమిటని కొత్తగా వచ్చిన గుమాస్తాలు తికమకపడేవారు. ఉత్తర్వుల్లో హోదా అలాగే ఉంది, మార్చమని నేనూ అడగలేదు.

కండెమ్నేషన్ అంటే తెలియనివారి కోసం ఒక మాట. ప్రభుత్వ సంస్థలో ఏ వస్తువునూ పాడైందని ఊరికే పారేయడానికి వీల్లేదు. ప్రిన్సిపాల్, స్టోర్స్ చూసే అధికారి, నాలాంటి సాంకేతిక సభ్యులు ఒకరు, ముగ్గురూ కళ్ళతో చూసి సంతకం పెట్టాలి. నా సంతకం పడిందంటే ఆ వస్తువు తుక్కు కింద వేలానికి పోతుంది. దాని స్థానంలో ఇంకొకటి కావాలంటే కొత్త మంజూరు రావాలి. అది ఎప్పుడు వస్తుందో చెప్పగలిగిన మనిషిని నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

ఆ రోజు నా ముందుకు వచ్చినవాటిలో చాలావరకు నిజంగానే తుక్కు. చెద తిన్న బల్లలు, ముల్లు విరిగిన త్రాసులు, తీగ కాలిపోయిన హీటర్లు. వాటికి అడ్డం చెప్పకుండా సంతకాలు పెట్టాను. చివర్లో ఒక టెలిస్కోపు తెచ్చి బల్లమీద పెట్టారు. పొట్టిగా, లావుగా ఉండే రకం. అద్దం మీద మచ్చ కూడా లేదు. ఫోకసు మర మెత్తగా తిరుగుతోంది. ఇదెందుకు తుక్కు అని అడిగితే ప్రిన్సిపాల్ గారు దాని వెనక వైపు చూపించారు.

ఇలాంటి టెలిస్కోపుకు వెనక మరలున్న మెడ ఉంటుంది. కంటితో చూడాలంటే ఆ మెడకు ఐపీస్ పట్టే గొట్టం బిగించాలి. ఫొటోలు తీయాలంటే ఆ గొట్టం విప్పి, కెమెరా పట్టే అడాప్టర్ రింగు బిగించాలి. ఎప్పుడో ఎవరో చంద్రుడి ఫొటోలు తీశారు. ఆ రింగు అక్కడే ఉండిపోయింది, ఊడి రావడం లేదు. కెమెరా తెచ్చినవారు బదిలీ మీద కెమెరాతో సహా వెళ్ళిపోయారు. అంటే ఇంత మంచి టెలిస్కోపులో చూడడానికి కన్ను పెట్టే చోటే లేదు.

"ఎంతమంది పట్టినా రాలేదు మేడం. మీరు సంతకం పెడితే ఫైలు మూసేస్తాను," అన్నారు ప్రిన్సిపాల్. ఆయన చెడ్డవారు కాదు, ఫైలు మూయాలన్న తొందరలో ఉన్నారు, అంతే.

భౌతికశాస్త్రం చెప్పే నసీమా గారు మాత్రం ఆ టెలిస్కోపు పక్క నుంచి కదల్లేదు. ఆమె తన విద్యార్థినుల తల్లులను ఆ సాయంత్రమే చంద్రుణ్ణి చూడడానికి రమ్మని పిలిచేశారు. అందరూ మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు. కూతుళ్ళను కోతల రోజుల్లో కాలేజీ మాన్పించకుండా పంపాలంటే, లోపల ఏం నేర్చుకుంటున్నారో ఆ తల్లులు కూడా ఒకసారి కళ్ళారా చూడాలన్నది ఆమె పట్టుదల. ఎలాగైనా రింగు ఊడుతుందని నమ్మి మాట ఇచ్చేశారు. "వాళ్ళు పొద్దంతా కూలి చేసి అలాగే వస్తున్నారండి. ఏమీ లేదు వెళ్ళిపోండి అని ఎలా చెప్పను?" అన్నారు. నాకు ఆమె మీద అభిమానం కలిగింది, కొంచెం కోపం కూడా వచ్చింది. ఊడని రింగును నమ్ముకుని ఊరిని పిలుస్తారా ఎవరైనా?

సాయంత్రం దాకా గడువు అడిగాను. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుని సరేనన్నారు.

టెలిస్కోపును దగ్గరికి లాక్కుని రింగును పరీక్షగా చూశాను. అప్పటికే ఫిజికల్ డైరెక్టరు పట్టి చూశారు, వాచ్‌మన్ పట్టి చూశాడు, ఆఖరికి ట్రాక్టరు మెకానిక్‌ను పిలిచి పైపు రెంచి కూడా వేయించారు. రెంచి పళ్ళ గాట్లు రింగు మీద స్పష్టంగా ఉన్నాయి. పలచని అల్యూమినియం రింగును రెండు వైపుల నుంచి నొక్కితే గుండ్రం పోయి కోలగా మారుతుంది. కోలగా మారిన రింగు లోపలి మరను ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. పట్టినవాడు ఎంత బలవంతుడైతే అది అంత మొండికేస్తుంది. ఇదంతా నాకు తెలిసిన సంగతే. తెలియనిది ఇంకొకటి కనిపించింది. రింగుకూ మెడకూ మధ్య సన్నని సందులో తెల్లగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకితే పెచ్చుతో పాటు ఒక నార పోగు వచ్చింది. టెలిస్కోపులో నార ఏమిటి?

ఆ కాలేజీలో ల్యాబ్ అటెండర్ సుభానీ గారు. నా ఈడువారే. నేను నార పోగు బల్లమీద పెట్టగానే ఆయన తల దించుకున్నారు. మిగిలినవారిని టీకి పంపించి, తలుపు దగ్గరగా వేసి, ఈ జాయింటు చేసినవారెవరో చాలా నేర్పరి అన్నాను. నిజంగానే అన్నాను.

"నేనేనండి," అన్నారు. "ఫొటోలు తీసేటప్పుడు సముద్రపు గాలికి ఊగి ఊగి రింగు వదులైపోతా ఉండేది. అంత కెమెరా కిందపడిద్దేమోనని జనపనార చుట్టి, తెల్లరంగు పూసి బిగిచ్చా. మా ఇంటో అందరం బోర్లు దించేవాళ్ళమండి. జాయింటు వదిలిందంటే మోటారు బోర్లో పడిద్ది. మెమో ఇస్తారేమోనని ఎవరికీ చెప్పలా."

బోరు గొట్టాల జాయింటు ఎన్నేళ్ళయినా ఊడకూడదు. టెలిస్కోపు జాయింటు రోజూ ఊడాలి. మనిషి బుద్ధిగానే పనిచేశాడు, మర మాత్రం వేరే రకం.

"మరి బోరు పైకి తీసినప్పుడు దీన్ని ఎలా విప్పుతారు సుభానీ గారూ?"

"మంట పెడతామండి."

"ఇక్కడ మంట పెడితే అద్దం పోయి, మనిద్దరికీ మెమో వస్తుంది."

ఆయన మొదటిసారి నవ్వారు. ఆ నవ్వుతో సగం పని అయిపోయిందని నాకు అనిపించింది. లోపల ఉన్నది రంగని తెలిశాక దాన్ని మెత్తబరిచే మందు తెలిసినట్టే. సుభానీ గారు రంగుల కొట్టు నుంచి టర్పెంటైన్, సైకిల్ షాపు నుంచి పాత ట్యూబు, రోడ్డు మీద పోతున్న చేపల ఆటోను ఆపి ఒక ఐసు ముక్క తెచ్చారు. టెలిస్కోపును వెనక భాగం బల్ల అంచు దాటి కిందికి వంగేలా పడుకోబెట్టాను. మందు ఒక్క చుక్క కూడా అద్దం వైపు పాకకూడదు. పుల్లకు దూది చుట్టి, సందు పొడవునా కొద్దికొద్దిగా తడిపి, రంగు నానేదాకా ఊరుకున్నాం. ఊరుకోవడం కూడా మా పనిలో ఒక భాగం, చూసేవారికి అది సోమరితనంలా కనిపిస్తుంది.

తర్వాత వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు రింగు చుట్టూ చుట్టాను. పాలిథీన్ సంచిలో మూట కట్టిన ఐసును మెడ లోపల ఆనించాను. బయటి రింగు వేడికి పెరగాలి, లోపలి మెడ చలికి తగ్గాలి. ట్యూబు ముక్కను రింగు చుట్టూ తొడిగి, వేళ్ళతో నొక్కకుండా రెండు అరచేతులతో చుట్టూ సమంగా పట్టుకుని తిప్పాను. కదల్లేదు. ఈలోపు టీకి వెళ్ళినవారు తిరిగి వచ్చి నిలబడ్డారు. నసీమా గారు నా చేతుల వంకే చూస్తున్నారు.

మళ్ళీ తువ్వాలు, మళ్ళీ ఐసు. ఈసారి విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక పిసరు తిప్పాను. ఫిజికల్ డైరెక్టరు గారు, "అటు కాదు మేడం," అన్నారు. అటే. గట్టిపడిన రంగు ముందు ఎటో ఒక వైపు పగలాలి. టక్కుమని చిన్న చప్పుడైంది. వెంటనే ఇటు తిప్పాను. రింగు గుంజాటన లేకుండా నా అరచేతుల్లో తిరిగింది, ఒక చుట్టు, ఇంకో చుట్టు, చేతిలోకి వచ్చేసింది. ఆ క్షణాన నాకు కలిగిన గర్వాన్ని దాచుకోలేదు, ఇప్పుడూ దాచుకోను. నసీమా గారు నా చేతిని, టర్పెంటైన్ జిడ్డుతో సహా, పట్టుకుని వదల్లేదు.

మరలు శుభ్రంగా తుడిచి ఐపీస్ గొట్టం బిగించే పని సుభానీ గారికే ఇచ్చాను. రెండు వేళ్ళ బిగువు చాలు, మూడో వేలు వద్దు అన్నాను. ఆయన రెండు వేళ్ళతోనే బిగించారు.

పొద్దుగూకేసరికి ఆడవాళ్ళు పొలాల నుంచి నేరుగా వచ్చేశారు. నసీమా గారు గేటు దగ్గరే నీళ్ళ బకెట్లు, సబ్బులు పెట్టించారు. మిరపకాయలు కోసిన చేతితో ఐపీస్ ముట్టుకుంటే తర్వాతి మనిషి కన్ను ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సుభానీ గారు టెలిస్కోపు పక్కన నిలబడి, "చూడండి గానీ చేత్తో ముట్టుకోమాకండి," అని వచ్చిన ప్రతి మనిషికీ చెబుతున్నారు. ఒక పెద్దావిడ చాలాసేపు చూసి కన్ను తీసి, "ఏంది టీచరమ్మా, చంద్రుడంతా గుంటలే. దీనికంటే మా చేనే నయం," అంది. వరసలో అందరూ నవ్వారు. ఆమె మళ్ళీ వెళ్ళి వరస చివర నిలబడింది. ఆమె వెనక ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు.

కమిటీ నివేదికలో ఆ వస్తువు ఎదురుగా 'వాడకానికి యోగ్యం' అని రాసి సంతకం పెట్టాను. మిగతా ఇద్దరూ పెట్టారు.

ఆ తర్వాత వర్క్‌షాపులో చేరిన ప్రతి కొత్త మెకానిక్‌కూ నేను ఒకటే నేర్పాను. బిగుసుకున్న మర చేతికి వస్తే రెంచి వెతకవద్దు. దాన్ని ఎవరు బిగించారో, ఏం పెట్టి బిగించారో ముందు కనుక్కోవాలి. ఆ మనిషి భయపడకుండా జవాబు చెప్పేలా అడగడం కూడా మరమ్మతులో భాగమే. ఆ జవాబు దొరికాక మిగిలేది ట్యూబు ముక్క, కాస్త వేడి, కాస్త ఓపిక.